కనకమ్మ వడ్డన

పొలాల మధ్య పుంతదారి మీద పేరయ్య మళ్ళీ ఆగాడు. ఇది మూడోసారి. మొదటిసారి కాలికి ముల్లు దిగిందన్నాడు. రెండోసారి ఉత్తరీయం సర్దుకుంటున్నట్టు నటించాడు. ఈసారి ఏ వంకా దొరకలేదు కాబోలు, కొబ్బరిచెట్టుకి చెయ్యి ఆన్చి, వంగి, నోరు తెరిచి నిలబడ్డాడు. నాలుగు బారల వెనక వస్తున్న కనకమ్మ గబగబా వచ్చి చూస్తే మొగుడి నుదురంతా చెమట. భాద్రపద మాసం, మబ్బు పట్టి గోదావరి మీంచి చల్లగాలి వీస్తోంది. ఆ గాలిలో అంత చెమటేమిటి?

తేన్పు రావడం లేదంతేనని పేరయ్య సర్దిచెప్పాడు. చెబుతూనే ఎడమచేత్తో రొమ్ము నిమురుకుంటున్నాడు. పాతికేళ్ళుగా ఊళ్ళోవాళ్ళకి వండిపెడుతున్న మనిషి కనకమ్మ. అజీర్తి చేసినవాడి మొహం ఎలా ఉంటుందో ఆమెకి ఒకరు చెప్పాలా! ఇది అజీర్తి కాదు.

పేరయ్య భోక్త. అంటే తద్దినాల్లో పోయినవాళ్ళ బదులు విస్తరి ముందు కూర్చుని తినే బ్రాహ్మడు. ఆ పూట అతని కాళ్ళు కడిగిన నీళ్ళు నెత్తిన జల్లుకుంటారు. మర్నాడు ఏ పెళ్ళికో బయల్దేరుతూ అతను ఎదురైతే వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయి మంచినీళ్ళు తాగి మరీ వస్తారు. ఇంత అన్యాయం కళ్ళెదుట జరుగుతున్నా ఎవరికీ అన్యాయంలా తోచదు, అదీ విచిత్రం. కొత్తపేటకి దిగువనున్న ఆ అగ్రహారంలో తద్దినపు వంటకి కనకమ్మనీ, భోజనానికి పేరయ్యనీ కలిపి పిలవడం అలవాటు. పిల్లలు లేరు. ఇద్దరూ కలిసి వెళ్ళి కలిసి వస్తారు. పెళ్ళాం వండిందే తింటున్నా, ఆ విస్తరి ముందు అతను ఆమెకి మొగుడు కాడు. ఎవరి తండ్రో, ఎవరి తాతో. అందుకని ఆ కాసేపూ ఆమె మొహంకేసి చూడడు.

ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా రాళ్ళు పోస్తున్న ఏళ్ళవి. ఊళ్ళో కండగల కూలీలంతా ఆ పనికి పోయినా, మహాలయ పక్షాలు మాత్రం ఆగలేదు. పౌర్ణమి వెళ్ళిన దగ్గర్నించి అమావాస్య దాకా పదిహేను రోజులు, రోజుకో ఇల్లు. గారెలు, పరమాన్నం, నువ్వుండలు, కంద, పనస, అన్నిటిమీదా నెయ్యి. భోక్త మౌనంగా తినాలి. చాలు అనకూడదు. తద్దినం పెట్టే కర్త చేతులు జోడించి, తృప్తి అయిందా అని అడిగేదాకా తింటూనే ఉండాలి. భోక్త కడుపు నిండితేనే పైవాళ్ళ కడుపు నిండినట్టు.

ఆ సమయానికి అటునుంచి మంగలి కొండయ్య కత్తుల పొది చంకన పెట్టుకుని వస్తున్నాడు. ఊరికి వైద్యుడు కూడా అతనే. బ్రాహ్మల్ని చూసి గట్టు దిగి పక్కన బురదలో నిలబడ్డాడు. నిలబడినవాడు దండం పెట్టి ఊరుకోలేదు, పేరయ్యనే చూస్తూ, నడిస్తే రొమ్ములో నొప్పొచ్చి నిలబడితే పోతోందా, ఎడంచేతిలోకి గుంజుతోందా అని అడిగాడు. పేరయ్య గతుక్కుమన్నాడు.  ఎవరైనా వింటారేమోనని అటూ ఇటూ చూసి ముందుకి నడిచాడు.

కనకమ్మ కదల్లేదు. "ఏవిటి కొండయ్యా ఇది?" అంది.

కొండయ్య తల వంచుకుని చెప్పాడు. పక్షాలకి ముందు గెడ్డం చేస్తున్నప్పుడు చూశాడట, పేరయ్యగారి కంటిరెప్పల మూలల్లో పసుపుపచ్చగా పెసరబద్దలంత పొక్కులు. కనకమ్మకీ తెలుసు అవి. నేతి కళ అనుకుని మురిసిపోయేది. అలాంటి పొక్కులు తనూ తన తండ్రీ నలుగురి మొహాల మీద చూశారనీ, నలుగురూ నేతికూడు తిన్నవాళ్ళేననీ, ముగ్గురు ఇలాగే నడుస్తూ నడుస్తూ రొమ్ము పట్టుకుని పడిపోయారనీ అతను చెప్పాడు.

"లోపల నెత్తురు నడిచే దారులుంటాయి కదండమ్మగారూ, తూములో ఒండ్రు పేరుకున్నట్టు వాటిల్లో జిడ్డు పేరుకుంటుందని మా అయ్య అనేవోడండి. నేను కళ్ళతో చూళ్ళేదు. కానీ ఆ నాలుగోవాడి చేత నెయ్యీ నూనె వంటా మానిపించి జావా మజ్జిగా తాగించేం. ఏడేళ్ళు బతికేడండి. ఈ పక్షాలు మాత్రం బాబుగారి చేత ఇలా తినిపించకండి, మీకు పుణ్యం ఉంటుంది."

 తినిపించకండి అంటే కనకమ్మ ఏం చేస్తుంది? తినడమే కదా ఆయన పని. అతన్ని అక్కడే వదిలేసి మొగుడి వెనక పరిగెత్తింది.

*

మర్నాడు ఆమె మోసం మొదలుపెట్టింది. మరో మాట వెతికి ఏం లాభం, మోసమే అది. మిల్లిగరిటెని నేతిగిన్నెలో ముంచినట్టు ముంచి, అడుగు మాత్రం తడిపి, పమిట చాటు చేసుకుని మొగుడి అన్నం మీద వంచేది. గారెలు నూనెలోంచి తీసి రెండు ఆకుల మధ్య పెట్టి అరచేత్తో నొక్కి పిండేది. పరమాన్నంలో అతని గిన్నెకి తీసేటప్పుడు పైన తేలే నేతిని పక్కకి తోసి అడుగునుంచి తోడేది.  వడ్డన చూస్తూ కర్త గడపలోనే నిలబడతాడాయె. పిండాల దగ్గర కూర్చున్న ముసలి పురోహితుడికి చూపానడం లేదని ధైర్యం తెచ్చుకునేది.

మొదటి రోజు పేరయ్య మామూలుగానే తిని లేచాడు. రెండో రోజు గారె తుంచి నోట్లో పెట్టుకుని నమలడం ఆపాడు. తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. ఇరవై ఏడేళ్ళ సంసారంలో విస్తరి ముందు కూర్చుని ఆమెని చూడడం అదే మొదలు. 

ఇంటికొచ్చాక కాళ్ళయినా కడుక్కోకుండా అరుగు మీద కూర్చుని అడిగాడు. ఆమె కొండయ్య మాటలన్నీ చెప్పేసింది. ఏడ్చింది కూడా. పేరయ్య కోప్పడలేదు. కోప్పడినా బావుండేది.

"నేను కడుపు నింపుకోడానికి కూచుంటున్నానా కనకం? నా కడుపుకి ఇన్ని గారెలెందుకే! వాళ్ళకి నోరు లేదు. ఏడాదికోసారి వస్తారు, నా నోటితో తిని పోతారు. నువ్వు పిండేసింది నా గారెలు కాదు, వాళ్ళవి. పస్తుతో లేచి వెళ్ళేరు ఇవాళ."

"వాళ్ళు పోయినవాళ్ళు. మీరున్నారు," అంది కనకమ్మ.

పేరయ్య అరచెయ్యి చాపాడు. ఇంక ఇలా చెయ్యనని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. వేసిందావిడ. వేసి, ఆ రాత్రంతా మొగుడి ఊపిరి వింటూ పడుకుంది.

*

దశమినాడు కరణం జగ్గారావు పంతులుగారింట్లో ఆయన తల్లి సంవత్సరీకం. నేతిజాడీ పంతులుగారే స్వయంగా మోసుకొచ్చి వంటింట్లో కనకమ్మ ముందు పెట్టారు. పెట్టి వెళ్ళిపోలేదు. అక్కడే గోడకి ఆనుకుని నిలబడి తల్లి సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఆఖరి ఆర్నెల్లూ ఒళ్ళు నీరు పట్టి, వైద్యులు ఉప్పూ నెయ్యీ ఆపేశారట. చచ్చిపోయే ముందురోజు కూడా ఒక్క ముద్ద నేతన్నం పెట్టమని కొడుకు చెయ్యి పట్టుకుని అడిగిందట. పెట్టలేదు. పెడితే ఇంకో రోజు బతికేది కాదేమోనని భయపడ్డారట. పెట్టకపోయినా బతకలేదు.

"ఇవాళ అమ్మకి కడుపు నిండా పెట్టండి కనకమ్మగారూ. నెయ్యి ఎంతన్నది మీరు చూడకండి," అన్నారు. అంతటి మనిషీ ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నారు.

జాడీ మూత తీస్తే నెయ్యి పూసకట్టి ఘుమఘుమలాడుతోంది. కనకమ్మ మూత మళ్ళీ పెట్టేసింది. మోసం చెయ్యనని చెయ్యి వేసింది, చెయ్యదు. కానీ చెప్పకూడదని ఎవరూ ఒట్టు పెట్టించుకోలేదే! ఆ తల్లి కోసం ఇంత ఏడ్చే మనిషికి ఎదటివాళ్ళ బాధ తెలియకపోతుందా అనుకుంది. పంతులుగారికి రెండు చేతులూ జోడించి, తన మొగుడికి రొమ్ములో నొప్పి వస్తోందనీ, నడిస్తే ఆగిపోతున్నారనీ, నెయ్యి కాస్త చూసి వెయ్యనివ్వమనీ మెల్లిగా చెప్పింది.

అదీ ఆమె చేసిన పొరపాటు. జగ్గారావుగారు చెడ్డవారు కారు. అయ్యో అనే అన్నారు. అని లోపలికెళ్ళి పురోహితుణ్ణి అడిగారు. రోగం ఉన్నవాణ్ణి పితృస్థానంలో కూర్చోబెట్టకూడదని శాస్త్రం ఉంది మరి. పురోహితుడు ఆ మాటే చెప్పాడు. అప్పటికే పేరయ్య ఆ ఇంటివారిచ్చిన నూనెతో తలంటుకుని, తడి జుట్టు ముడివేసుకుని, దర్భాసనం పక్కన నిలబడి ఉన్నాడు. వేరే భోక్తకి కబురంపామనీ, ఏమీ అనుకోవద్దనీ, ఒంట్లో బాగాలేదట కదా అనీ నలుగురి ఎదటా చెప్పారు.

పేరయ్య ఉత్తరీయం భుజాన వేసుకున్నాడు. వంటింటి గుమ్మంకేసి ఒక్కసారి చూసి, పెరటిదారిన వెళ్ళిపోయాడు. కనకమ్మ మడిలో ఉంది, పొయ్యిమీద పరమాన్నం ఉంది. వెనక వెళ్ళడానికి లేదు. ఆ మధ్యాహ్నం వెంకన్నగారనే ఆయన వచ్చి కూర్చున్నాడు. నాలుగు మెతుకులు కెలికి, నేతన్నం ముద్ద చేసి విస్తరి అంచుకి తోసేసి, తృప్తి అయిందన్నాడు. గడపలో నిలబడ్డ పంతులుగారి మొహం పాలిపోవడం కనకమ్మ చూసింది.

*

ఆ సాయంత్రానికే ఊరంతా తెలిసిపోయింది. భోక్తని ముందురోజు సాయంత్రం ఇంటికొచ్చి పిలవడం ఆచారం. ఏకాదశికి ఎవరూ రాలేదు. ద్వాదశికీ రాలేదు. పేరయ్య తెల్లారగట్లే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. పిలవడానికొచ్చేవాళ్ళు అటుగానే వెంకన్నగారింటికి వెళ్ళేవారు. పేరయ్య అరుగు దగ్గరకి రాగానే వీధికి అటువైపుకి జరిగి నడిచేవారు.

కనకమ్మ తవుడు తియ్యని బియ్యంతో జావ కాచి, మజ్జిగ వెన్నంతా తీసి ఇచ్చేది. రెండు గుక్కలు తాగి చాలనేవాడు. బతిమాలితే, తన కోసం తనెప్పుడు తిన్నాడు గనక అనేవాడు. నిష్ఠూరంగా కాదు, నిజంగా ఆశ్చర్యపోయినట్టు అనేవాడు. ఆమెని ఒక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం, గోడకేసి తిరిగి పడుకుని, "విస్తరి ముందునుంచి లేపేసేవే నన్ను," అన్నాడు. 

కానీ త్రయోదశినాడు అతను ఏటికి స్నానానికి వెళ్ళి ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చాడు. కనకమ్మ వెనకాలే వెళ్ళి చూసింది. పుంత మీద కొబ్బరిచెట్టు దాటాడు, రెల్లుదుబ్బు దాటాడు, గట్టెక్కాడు, చెయ్యి రొమ్ము మీదకి పోలేదు. చతుర్దశినాడూ అంతే. కొండయ్య చెప్పింది నిజం! ఆమెకి ఎగిరి గంతెయ్యాలనిపించింది, కొండయ్య ఎదురైతే కాళ్ళమీద పడేదే. ఇంటికొచ్చి చూస్తే పేరయ్య అరుగు చివర, వీధిలోకి కనపడకుండా, గుంజ చాటున కూర్చుని ఉన్నాడు. నాలుగు రోజుల్లో మనిషి సగమైపోయాడు.

ఆ సాయంత్రం జగ్గారావు పంతులుగారు స్వయంగా వచ్చారు.

పేరయ్య సంధ్యవార్చుకోడానికి ఏటికి వెళ్ళాడు. పంతులుగారు గుమ్మం బయటే నిలబడ్డారు. మొహంలో నిద్ర లేదు. ఆ రోజు వెంకన్నగారు తోసేసిన ముద్దే కళ్ళలో మెదులుతోందనీ, అమ్మ మళ్ళీ ఆకలితోనే వెళ్ళిపోయిందనీ చెప్పారు. మర్నాడు అమావాస్య. పైవాళ్ళు వెనుదిరిగి వెళ్ళే రోజు. ఆ రోజు దాటితే మళ్ళీ ఏడాది. పేరయ్యగారిలా తృప్తిగా తిన్న భోక్తని తన జన్మలో చూడలేదన్నారు.

"ఒక్క మాట చెప్పండి కనకమ్మగారూ. వారికి ఒంట్లో ఎలా ఉంది? బావుంటే వారినే పిలుస్తాను. లేదంటే లేదు. మీ నోటితో చెప్పండి."

అప్పటికి పేరయ్య ఏటినుంచి వస్తున్నాడు. వీధి చివరనించే పంతులుగారిని చూసి ఆగిపోయాడు. నొప్పితో కాదు. చేతిలో చెంబు పట్టుకుని, తలెత్తి, అక్కడే నిలబడ్డాడు. అంత దూరం నుంచి కూడా ఆ కళ్ళు ఏం అడుగుతున్నాయో కనకమ్మకి కనిపించింది.

ఒక్క పూట. ఇదొక్క పూట తింటే రేపటితో పక్షాలు అయిపోతాయి. తర్వాత నెలకో పిలుపు వస్తే వచ్చినట్టు. అప్పుడు జావే తాగిస్తుంది, మజ్జిగే తాగిస్తుంది. నాలుగు రోజుల్లో తగ్గిన మనిషి ఒక్క పూటకి ఏమైపోతాడు? ఇలా తనకి తనే చెప్పుకుంది కనకమ్మ. చెప్పుకున్నంతసేపూ బురదలో నిలబడిన కొండయ్య కళ్ళముందే ఉన్నాడు.

"బావున్నారండి. నొప్పీ లేదు, గిప్పీ లేదు. ఆవేళ నేనే తెలీక భయపడ్డాను. ఆయ్, రేపు వస్తారండి," అంది.

*

అమావాస్యనాడు ఆమె గారెలు పిండలేదు. పరమాన్నం పైనుంచే తోడింది. మిల్లిగరిటె నిండా ముంచి, పమిట చాటు లేకుండా, అన్నం మీద ధార కట్టి పోసింది. పంతులుగారు గడపలోంచి ఇంకా, ఇంకా అన్నట్టు చూస్తుంటే మళ్ళీ పోసింది. పేరయ్య కిందకే చూస్తూ తిన్నాడు. తొందర లేదు, ఆత్రం లేదు. ముద్ద తరవాత ముద్ద, ఒక్క మెతుకు ఆకు దాటకుండా, ఎవరికో చిన్నపిల్లకి గోరుముద్దలు పెడుతున్నంత ఒద్దికగా తిన్నాడు. అతను అంత అందంగా తింటాడని కనకమ్మ అంతకుముందు ఎరగదు. ఎప్పుడూ వడ్డించే హడావిడే కదా.

పంతులుగారు చేతులు జోడించి తృప్తి అయిందా అని అడిగారు.  పేరయ్య తలెత్తి, "తృప్తోస్మి," అన్నాడు. పంతులుగారు చావడిలో అందరి ముందూ సాష్టాంగపడి వెక్కి వెక్కి ఏడ్చారు.

వచ్చేటప్పుడు పేరయ్య ముందు నడిచాడు. బియ్యం, కూరలూ కట్టిచ్చిన స్వయంపాకం మూట కనకమ్మని మొయ్యనివ్వలేదు, తనే భుజాన వేసుకున్నాడు. భోక్త ఆ పూట బరువు మొయ్యకూడదని తనే ఎప్పుడూ చెప్పేవాడు. ఆమె గుర్తుచేస్తే నవ్వాడు. ఆ వారం రోజుల్లోనూ అతను నవ్వింది అదొక్కసారే. కొబ్బరిచెట్లు దాటారు. నొప్పి లేదు. కనకమ్మ మనసులో దేవుడికి దండాలు పెట్టుకుంటూ, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తోంది.

"ఇవాళ ఆవిడ తిన్నదే కనకం," అన్నాడు పేరయ్య. "జగ్గారావుగారి అమ్మ. కడుపునిండా తిని వెళ్ళింది."

రెల్లుదుబ్బు దగ్గరకొచ్చేసరికి మూట కిందకి దించాడు. కాస్త కూర్చుంటానన్నాడు. గట్టు మీద కూర్చుని ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని దానికేసి, ఎవరిదో చెయ్యి అన్నట్టు చూశాడు. మొహం బూడిదరంగుకి తిరిగింది. కనకమ్మ పక్కన కూలబడి రొమ్ము రాస్తోంది, పమిటతో విసురుతోంది, ఎవరైనా రండని అరుస్తోంది. అమావాస్య మధ్యాహ్నం. ఊరంతా ఎవరి పెద్దలకి వాళ్ళు పెట్టుకుంటున్నారు. పుంత మీదికి ఎవరూ రాలేదు. పేరయ్య తల ఆమె భుజం మీద వాలింది. ఆమె రాస్తూనే ఉంది, చాలాసేపు.

*

పదోరోజున ఏటిగట్టుకి తీసుకెళ్ళారు. ముత్తయిదువతనం తీసేసే రోజు. గాజులు పగలగొట్టారు, బొట్టు చెరిపారు, మిగిలిన ఆడవాళ్ళు చూడకూడదని దూరంగా వెళ్ళిపోయారు. తల మీద జుట్టు తియ్యాలి. దానికి ఊళ్ళో ఉన్నది ఒక్క కొండయ్యే.

అతను వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. పొది విప్పాడు. కత్తి రాతిమీద నూరుతున్నాడు, ఎంతకీ నూరడం అవడం లేదు. కనకమ్మ చూసి చూసి తనే మాట కదిపింది. ఆవేళ నెయ్యి పోసింది తనేనని చెప్పింది. కొండయ్య తలెత్తలేదు. తెలుసునండి అన్నాడు.

"పొయ్యకపోతే ఉండేవారా?"

"ఎవరి రాత ఎవరికి తెలుసండమ్మగారూ. ఎలాగైనా..."

"నా తల ముట్టుకోబోతున్నావు. అబద్ధం చెప్పకు."

కొండయ్య కత్తి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏటికేసి చూశాడు.

"ఉండేవారండి. రెండేళ్ళో, మూడేళ్ళో. నాలుగు రోజుల్లోనే ఆగకుండా నడిచేరంట కదండి. ఉండేవారు."

కనకమ్మ తల ఊపింది. జుట్టుముడి తనే విప్పుకుంది. సగం నెరిసిన జుట్టు వీపు మీద పరుచుకుంది.

"ఉన్నా ఏం చేసేవారులే. ఎవరూ పిలిచేవారు కాదు. ఆ గుంజ చాటున కూచుని వీధికేసి చూసేవారు. అంతే కదా," అంది.

"ఆయ్. అంతేనండి," అన్నాడు కొండయ్య. దోసిలితో నీళ్ళు ముంచి ఆమె తల మీద పోశాడు. మాడు మీద చెయ్యి వేసి తడుపుతున్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది. కత్తి నుదుటి దగ్గర ఆనింది.

"కూచునే ఉండేవారు కదా కొండయ్యా," అంది కనకమ్మ. "ఊరికే కూచునైనా, ఉండేవారు."

 కొండయ్య కత్తి వెనక్కి తీసి, మళ్ళీ కాసిని నీళ్ళు పోశాడు.